లంక ఊళ్ళలో చుక్కలు మళ్ళీ కనిపించాలంటే: గోదావరి డెల్టాకు సమగ్ర మార్గదర్శి

మృగశిర కార్తె ఎప్పుడు ప్రవేశిస్తుందో డెల్టాలో ఏ రైతును అడిగినా పంచాంగం తెరవకుండానే చెబుతాడు. ఆ మృగశిర నక్షత్రం ఆకాశంలో ఎక్కడ ఉంటుందో చూపించమంటే మాత్రం చాలామంది తడబడతారు. చూపించగలిగే పెద్దలు ఉన్నా, చూడటానికి వీలు లేని ఊళ్ళు పెరిగిపోయాయి. వీధి వీధికీ తెల్లటి ఎల్‌ఈడీ దీపం, కూడలిలో ఎత్తైన హైమాస్ట్ దీపాల స్తంభం, ఊరు దాటగానే రొయ్యల చెరువుల గట్ల మీద ఫ్లడ్‌లైట్లు. వీటన్నిటి వెలుగు పైకి చేరి, గాలిలోని తేమలో చెదిరి, ఆకాశానికి బూడిద రంగు పూస్తోంది. పాలపుంత సంగతి అటుంచి, పిల్లలకోడిలో చుక్కలు లెక్కపెట్టడం కూడా కష్టమైపోయింది.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. 2011 నుంచి 2022 వరకు ప్రపంచం నలుమూలల నుంచి సామాన్యులు పంపిన యాభై వేలకు పైగా పరిశీలనలను విశ్లేషించి, 2023లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. రాత్రి ఆకాశపు వెలుగు ఏటా సగటున 9.6 శాతం పెరుగుతోందని అది తేల్చింది. ఆ లెక్కన ఎనిమిదేళ్ళు తిరిగేసరికి రెట్టింపు. అయితే కాలువలో కలిసిన మురుగులా ఇది ఏళ్ళ తరబడి నిలిచిపోయేది కాదు. దీపాన్ని సరిచేసిన రాత్రే ఫలితం కనిపిస్తుంది. అందుకే ఊళ్ళో నలుగురు పూనుకుంటే చేయగలిగిన పని ఇది. ఆ నలుగురి కోసమే ఈ వ్యాసం.

డెల్టా ఆకాశం ప్రత్యేకత

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా విడిపోయి సముద్రం దాకా నేల బల్లపరుపుగా ఉంటుంది. కొండలు లేవు కాబట్టి దక్షిణపు అంచు దాకా ఆకాశం తెరిచే ఉంటుంది, ఆ దిక్కున బంగాళాఖాతం తప్ప పట్టణాలు లేవు. అంతర్వేది ఉత్తర అక్షాంశం 16 డిగ్రీల 20 నిమిషాల దగ్గర ఉంది. ఇక్కడి నుంచి అగస్త్య నక్షత్రం దక్షిణాన సుమారు 21 డిగ్రీల ఎత్తు దాకా లేస్తుంది. ఢిల్లీలో అది దిగంతాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. త్రిశంకు అని మనం పిలిచే శిలువ ఆకారపు నక్షత్ర మండలం కూడా మన తీరం నుంచి నిండుగా కనిపిస్తుంది. ఏప్రిల్ మధ్యలో రాత్రి 11 గంటలకు, మే మధ్యలో 9 గంటలకు సరిగ్గా దక్షిణాన నిలబడుతుంది. ఇంకో సౌకర్యం కూడా ఉంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది కాబట్టి, మన గడియారానికీ మన ఆకాశానికీ తేడా కొద్ది నిమిషాలే.

చిక్కు కూడా ఈ నేలలోనే ఉంది. గాలిలో తేమ ఎక్కువ, తేమ వెలుగును చెదరగొడుతుంది. ఎటు చూసినా నీరే, నీరు ఏటవాలుగా పడిన వెలుగును తిప్పి కొడుతుంది. కొండ అడ్డు లేని నేలలో ఒక చెరువు గట్టు మీది దీపం మైళ్ళ దూరం కనిపిస్తుంది. హైదరాబాద్‌కు కొంత దూరంలో జపాల్–రంగాపూర్ దగ్గర 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల దూరదర్శినితో వేధశాల నెలకొల్పింది. నగరపు వెలుగు పాకి దాని ఆకాశాన్ని పాడు చేసింది. మన ఊళ్ళకు ఇంకా ఆ గతి పట్టలేదు.

మొదటి అడుగు: ఆకాశాన్ని కొలవండి

దీపాల జోలికి వెళ్ళే ముందు ఇప్పుడు ఎంత కనిపిస్తోందో రాసిపెట్టుకోవాలి. లేకపోతే ఏడాది తరువాత మార్పు వచ్చిందా లేదా అన్నది వాదనగా మిగిలిపోతుంది.

ఫిబ్రవరి దీనికి మంచి నెల. మంచు పలుచబడుతుంది, వానలు ఉండవు. బహుళ షష్ఠి నుంచి శుద్ధ తదియ వరకు ఏదో ఒక రాత్రి ఎంచుకోండి, అప్పుడు సాయంత్రం వేళ చంద్రుడి అడ్డు ఉండదు. ఎనిమిది గంటల తరువాత ఆరుబయట నిలబడి, ఫోను జేబులో పెట్టేసి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా 20 నుంచి 30 నిమిషాలు ఆగండి. ఈ ఆగడమే చాలామంది చేయరు. మధ్యలో ఒక్కసారి ఫోను తెర చూసినా మళ్ళీ మొదటికి వస్తుంది.

కొలత కోసం పరికరం అక్కరలేదు, మన నక్షత్రాలే చాలు. ఈ వరుసలో చూడండి.

కృత్తికలు, అంటే పిల్లలకోడి. మామూలు చూపుకు ఆరు చుక్కలు లెక్కకు వస్తే ఆకాశం ఫరవాలేదు. నాలుగే కనిపిస్తే వెలుగు బాగా కమ్మినట్టే. ఏడోది కూడా దొరికితే మీ ఊరు అదృష్టం చేసుకుంది.

మృగశిర. నడినెత్తి దగ్గర వరుసగా మెరిసే మూడు చుక్కల గొల్లకావడి అందరికీ దొరుకుతుంది. దాని పైన, ఈ చుక్కల గుంపును వేటగాడిగా ఊహించుకుంటే తల ఉండే చోట చిన్న ముక్కోణంలో మూడు మసక చుక్కలు ఉంటాయి. మృగశిర నక్షత్రం అంటే అదే. మూడూ విడివిడిగా కనిపించాలంటే నాలుగున్నర ప్రమాణం (చుక్క ఎంత మసకగా ఉంటే ఈ అంకె అంత ఎక్కువ) దాకా కనిపించే ఆకాశం కావాలి. చాలా ఊళ్ళ నడివీధిలో అక్కడ ఒక్క చుక్కే కనిపిస్తుంది, లేదా ఏమీ కనిపించదు.

పుష్యమి. తొమ్మిది దాటాక తూర్పున బాగా పైకి వస్తుంది. దాని చుక్కల నడుమ చిన్న మబ్బు తునక లాంటిది మామూలు కంటికి కనిపిస్తే అది నిజమైన చీకటి ఆకాశం. అది మబ్బు కాదు, వందల నక్షత్రాల గుంపు.

పది దాటాక ఈశాన్యాన సప్తర్షుల్లో వసిష్ఠుడి పక్కన అరుంధతి. పెళ్ళిలో పురోహితుడు చూపించే చుక్క. మాఘమాసపు ముహూర్తాలన్నీ ఈ కాలంలోనే వస్తాయి. పందిరి దీపాల కింద నిలబడి వధూవరులు ఊరికే తలూపే పరిస్థితి రాకూడదనే నా కోరిక.

ఈ నాలుగింటి ఫలితాన్ని తేదీ, సమయం, చోటు, గాలిలో మంచు ఉందా లేదా అన్న వివరంతో నోటు పుస్తకంలో రాయండి. ఊళ్ళో కనీసం మూడు చోట్ల చూడండి: నడివీధి, ఊరి చివర పొలం గట్టు, చెరువుల వైపు. ఆసక్తి ఉంటే ‘గ్లోబ్ ఎట్ నైట్’ అనే అంతర్జాతీయ పౌర పరిశీలన కార్యక్రమానికి కూడా ఇదే సమాచారం పంపవచ్చు. స్కై క్వాలిటీ మీటర్ అనే చేతి పరికరం దొరికితే ఇంకా మంచిది. సహజమైన చీకటి ఆకాశానికి అది 22 కు దగ్గరగా, నగర మధ్యంలో 17, 18 దగ్గర చూపిస్తుంది. అంకె పెరిగే కొద్దీ చీకటి ఎక్కువ అని గుర్తుంచుకోండి.

రెండో అడుగు: దీపాల చిట్టా

ఇద్దరు ముగ్గురు కలిసి రాత్రి తొమ్మిదికి ఊరంతా నడవండి. హైస్కూలు పిల్లలను వెంట తీసుకెళ్తే పని చురుగ్గా సాగుతుంది, ఇంటికి వెళ్ళి పెద్దవాళ్ళకు చెప్పేది కూడా వాళ్ళే. ప్రతి దీపానికీ ఒక వరుస రాయాలి. ఉదాహరణకు ఇలా:

“స్తంభం 14, రామాలయం వీధి మలుపు. తెల్ల ఎల్‌ఈడీ. చేయి పైకి లేచి ఉంది. యాభై అడుగుల దూరం నుంచి దీపపు పలక కళ్ళలోకి కొడుతోంది. వెలుగులో సగం ఎదురింటి పెరట్లో కొబ్బరి మట్టల మీద పడుతోంది. పగలు కూడా ఆరడం లేదు.”

ఆ ఒక్క వరుసలో చేయవలసిన పనంతా ఉంది. కొబ్బరి మట్టల అడుగు భాగం తెల్లగా మెరుస్తోందంటే ఆ వెలుగు మట్టల్ని దాటి ఆకాశంలోకే పోతోంది. చిట్టా రాసేటప్పుడు అన్నిటికంటే ముందు గమనించవలసినది ఇదే: దూరం నుంచి చూస్తే దీపం కనిపిస్తోందా, దాని కింద నేల కనిపిస్తోందా? మంచి దీపానికి నేల కనిపిస్తుంది, దీపం కనిపించదు.

పగలు కూడా వెలిగే దీపాలను ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. పంచాయతీలో మాట కలపడానికి ఇవే మంచి దారి. వాటిని సమర్థించేవారు ఎవరూ ఉండరు.

మూడో అడుగు: దీపం గురించి నాలుగు సంగతులు

రంగు. ఎల్‌ఈడీ డబ్బా మీద కెల్విన్ అంకె ఉంటుంది. 6500 అంటే నీలం కలిసిన తెలుపు, 3000 లేదా 2700 అంటే పాత బల్బు లాంటి పసుపు. నీలి కాంతి గాలిలో ఎక్కువగా చెదురుతుంది. 450 నానోమీటర్ల నీలి కాంతి, 600 నానోమీటర్ల నారింజ కాంతి కంటే మూడు రెట్లు ఎక్కువగా చెదురుతుంది. పగటి ఆకాశం నీలంగా కనిపించేది కూడా ఇందుకే. కాబట్టి అదే వాట్లలో పసుపు దీపం పెడితే ఆకాశానికి జరిగే నష్టం చాలా తగ్గుతుంది.

దిక్కు. నేల వైపు పూర్తిగా వంగిన దీపం వెలుగంతా పని చేస్తుంది. పదిహేను, ఇరవై డిగ్రీలు పైకి లేచిన దీపం దిగంతం మీదుగా వెలుగు చిమ్ముతుంది. ఆకాశాన్ని ఎక్కువ దూరం పాడు చేసేది ఇలా అడ్డంగా పోయే వెలుగే, ఎందుకంటే అది గాలి పొరలో ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది.

ఎత్తు. దీపం ఎత్తు సగానికి తగ్గిస్తే సరిగ్గా కింద పడే వెలుగు నాలుగింతలు అవుతుంది. తక్కువ వాట్ల దీపాన్ని తక్కువ ఎత్తులో పెట్టడం ఎప్పుడూ లాభమే.

సమయం. దీపం ఎవరికోసం వెలుగుతోందో వాళ్ళు నిద్రపోయాక అది ఎందుకు వెలగాలి? టైమరు, కదలికను పసిగట్టే సెన్సరు ఇప్పుడు ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా దొరుకుతాయి.

నాలుగో అడుగు: మీ వాకిలి

ఊరికి చెప్పే ముందు మీ ఇంటి ముందు దీపం సరిచేయండి. వరండా బల్బుకు పైన రేకు గొడుగు బిగించండి, 2700 కెల్విన్ బల్బు పెట్టండి, డాబా మీద ఊరికే వెలిగే దీపం తీసేయండి. పెరటి దీపానికి సెన్సరు పెట్టండి. దీనికి ఒక సాయంత్రం చాలు.

ఐదో అడుగు: రొయ్యల చెరువుల దగ్గరకు వెళ్ళడం

డెల్టాలో అసలు పని ఇక్కడే ఉందని నా అభిప్రాయం. భీమవరం, నరసాపురం చుట్టుపక్కల నుంచి కోనసీమ తీర మండలాల దాకా రాత్రి దిగంతం చుట్టూ వెలిగే దీపాల్లో వీధి దీపాల కంటే చెరువుల దీపాలే ఎక్కువగా కనిపిస్తాయి. ఇక్కడ నోరు జారితే పని చెడుతుంది. రొయ్య రైతు రాత్రంతా మేలుకొని ఉండేది సరదాకు కాదు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోయి పంట మొత్తం పోయే ప్రమాదం ఉంటుంది, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే వెంటనే తెలియాలి, దొంగతనం భయం వేరే ఉంది. ఆ రైతు దగ్గరకు వెళ్ళి చుక్కల కోసం దీపం ఆర్పమని అడిగితే తిట్టి పంపుతాడు, అది న్యాయమే. దీపాన్ని నేల వైపు వంచమని అడగండి.

మాట మొదలుపెట్టడానికి నీటి లెక్క బాగా పనికొస్తుంది. నీటి మీద నిట్టనిలువుగా పడిన వెలుగులో సుమారు 2 శాతమే తిరిగి పైకి పోతుంది. అదే వెలుగు నీటిని రాసుకుంటూ ఏటవాలుగా, నిలువు గీతకు 80 డిగ్రీల కోణంలో పడితే మూడో వంతుకు పైగా తిరిగి లేచిపోతుంది. గట్టు మూల నుంచి చెరువంతటికీ అడ్డంగా వేసిన ఫ్లడ్‌లైటు చేసేది అదే. రైతుకు చెరువు వెలిగినట్టు కనిపిస్తుంది, నిజానికి మెరుపే ఎక్కువ. కాపలాదారు ఆ మెరుపులో అవతలి గట్టు మీద నిలబడిన మనిషిని చూడలేడు. చీకటి పడ్డాక రైతును వెంటబెట్టుకొని గట్టు మీదికి వెళ్ళండి. ఫ్లడ్‌లైటుకు ఎదురుగా నిలబడి చేత్తో దాన్ని కప్పమనండి. చేయి అడ్డం పెట్టగానే అవతలి గట్టు, ఏరియేటర్ రెక్కలు, నీటి తొట్టె అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. ఎంత వివరించినా కలగని నమ్మకం ఆ అర నిమిషంలో కలుగుతుంది.

తరువాత ఖర్చు లెక్క. 200 వాట్ల ఫ్లడ్‌లైటు రాత్రి 11 గంటలు వెలిగితే 2.2 యూనిట్లు. నెలకు 66. దాని బదులు చెక్ ట్రేలు (మేత తిన్నాయో లేదో చూసే పళ్ళేలు) చూసే చోట, ఏరియేటర్ మీటల పెట్టె దగ్గర, కాపలా పాక ముందు 10 వాట్ల గొడుగు దీపాలు మూడు పెడితే రాత్రికి యూనిట్‌లో మూడో వంతే. గట్టు మలుపుల్లో సెన్సరు దీపాలు పెడితే కాపలాకు ఇంకా మేలు. ఎప్పుడూ వెలిగే దీపాన్ని ఎవరూ పట్టించుకోరు, హఠాత్తుగా వెలిగిన దీపాన్ని అందరూ చూస్తారు. రొయ్యలు పట్టే రాత్రి మాత్రం ఎంత వెలుగు కావాలంటే అంత పెట్టుకోనివ్వండి. ఏడాదిలో కొద్ది రాత్రుల కోసం వాదించడం దండగ.

చెరువుల పక్కనే వరి పొలం ఉంటే ఇంకో మాట చెప్పవచ్చు. పొద్దు తగ్గేకొద్దీ ఈనే వరి రకాలకు రాత్రిపూట వెలుగు తగిలితే ఈనిక ఆలస్యమవుతుంది. వీధి దీపం కింద పడిన చేను మిగతా చేను కంటే పచ్చగా, వెన్ను లేకుండా నిలబడి ఉండటం చూసిన రైతులు ఉంటారు. కాండం తొలిచే పురుగు రెక్కల పురుగులు, సుడిదోమ దీపానికి వస్తాయని వ్యవసాయ శాఖ వారు పెట్టే దీపపు ఎరలే సాక్ష్యం. చేను గట్టున రాత్రంతా తెల్ల దీపం వెలిగించడమంటే పురుగుకు కబురు పంపడమే. పొలం ఉన్నవాళ్ళకు చుక్కల కంటే ఈ మాట త్వరగా ఎక్కుతుంది. ఎక్కనివ్వండి, కారణం ఏదైనా దీపం వంగితే చాలు.

ఆరో అడుగు: గుడి, చర్చి, పెళ్ళి పందిరి

ఇక్కడ సున్నితంగా వెళ్ళాలి. కార్తిక మాసంలో ధ్వజస్తంభానికి ఎత్తే ఆకాశదీపం వల్ల ఏ నష్టమూ లేదు, అది చిన్న వత్తి. గోపురం మీదికి కింద నుంచి వేసే ఫ్లడ్‌లైట్లే చిక్కు, వాటి వెలుగులో ఎక్కువ భాగం గోపురాన్ని దాటి పోతుంది. పవళింపు సేవ అయ్యాక ఆర్పేయడానికి కమిటీ వారు సాధారణంగా ఒప్పుకుంటారు, దేవుడు పడుకున్నాక దీపం ఎందుకన్న మాట వాళ్ళే అంటారు. చర్చి శిఖరం మీది దీపాలకూ, పండుగ సీరియల్ సెట్లకూ ఇదే పద్ధతి: ఉత్సవం ముగిసే వేళకు ఆర్పడం.

ఏడో అడుగు: పంచాయతీ తీర్మానం

వీధి దీపాలు గ్రామ పంచాయతీ బాధ్యత. సర్పంచ్‌ను, పంచాయతీ కార్యదర్శిని, గ్రామ సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌ను ముగ్గురినీ విడివిడిగా కలవండి. ముగ్గురి ఇబ్బందులు వేరు. సర్పంచ్‌కు ఓట్లు, కార్యదర్శికి ఆడిట్, ఎనర్జీ అసిస్టెంట్‌కు నిచ్చెన వేసుకొని ప్రతి స్తంభం ఎక్కే శ్రమ. ఒకేసారి ఊరంతా మార్చమని అడిగితే ఎవరూ కదలరు. ఒక వీధి అడగండి. మీ చిట్టాలో అన్నిటికంటే అధ్వానంగా ఉన్న వీధి కాకుండా, మనుషులు ఒప్పుకునే వీధిని ఎంచుకోండి.

ఆ వీధిలో చేయవలసినవి ఇవి. స్తంభం చేయిని నేలకు సమాంతరంగా తిప్పించాలి. దీనికి కొత్త సామాను అక్కరలేదు, స్పానర్ చాలు. కాలిపోయిన దీపం మార్చినప్పుడు 3000 కెల్విన్‌ది వేయించాలి. ఇళ్ళ కిటికీల్లోకి కొట్టే దీపానికి పక్క తడక బిగించాలి. అల్యూమినియం రేకు మంచిది, ఉప్పు గాలికి మామూలు ఇనుప రేకు రెండు వర్షాకాలాలు ఆగదు. ఎల్‌ఈడీ వెనక ఉండే పలకలు వేడిని వదిలేవి, వాటిని కప్పితే దీపం కాలిపోతుంది. తుపాను గాలికి ఊడిపోకుండా స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడించండి. స్తంభం మీద చేయి వేసే పని మాత్రం లైన్‌మన్ లేదా ఎనర్జీ అసిస్టెంట్ చేయాలి. ఉత్సాహం ఉన్న కుర్రవాళ్ళను ఎక్కించవద్దు, కరెంటుతో ఆట వద్దు.

మూడు నెలలు చూసి, ఆ వీధి వాళ్ళ మాటలు సేకరించి, గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఈ నమూనా వాడుకోవచ్చు:

“మన గ్రామ పంచాయతీ పరిధిలో ఇకపై కొత్తగా కొనే, మరమ్మతు కింద మార్చే వీధి దీపాలు 3000 కెల్విన్‌కు మించని పసుపు ఛాయలో, కాంతి పూర్తిగా నేల వైపు పడే విధంగా ఉండాలని, దీపపు చేతులను నేలకు సమాంతరంగా బిగించాలని, హైమాస్ట్ దీపాల్లో సగం రాత్రి 10.30 గంటల తరువాత ఆర్పాలని, పగటిపూట వెలిగే దీపాలకు వెంటనే మీటలు గాని టైమర్లు గాని అమర్చాలని ఈ గ్రామసభ తీర్మానిస్తున్నది.”

“కొత్తగా కొనే, మరమ్మతు కింద మార్చే” అన్న మాటల వల్ల అదనపు ఖర్చు ప్రశ్న రాదు. కార్యదర్శి అభ్యంతరం చెప్పకుండా సంతకం చేయగలిగేది ఇలాంటి తీర్మానమే. ఇలాంటి పని దేశంలో కొత్త కాదని కూడా చెప్పండి. లడఖ్‌లోని హాన్లే చుట్టూ 2022 డిసెంబరులో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతాన్ని ప్రకటించారు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024 జనవరిలో చీకటి ఆకాశ పార్కుగా గుర్తింపు వచ్చింది, అక్కడి బఫర్ గ్రామాల వీధి దీపాలను నేల వైపు తిప్పించారు.

భయాలకు జవాబు

ఆడపిల్లలు ట్యూషన్ నుంచి వచ్చే దారి, కాలువ గట్టు, బస్సు ఆగే చోటు. ఇక్కడ దీపం తగ్గించమని ఎవరూ అడగకూడదు, మీరూ అడగవద్దు. డెల్టాలో రాత్రి నడక అంటే పాము భయం కూడా. మనం అడుగుతున్న మార్పు వల్ల నేల మీద వెలుగు తగ్గదు, కళ్ళలో పడే వెలుగు తగ్గుతుంది. కంటికి కొట్టే దీపం పక్కన నీడ ఇంకా నల్లగా కనిపిస్తుంది, పాము ఉండేది ఆ నీడలోనే. ఇంగ్లండ్, వేల్స్‌లలో వీధి దీపాలు తగ్గించిన చోట్ల ప్రమాదాలు, నేరాలు పెరిగిన ఆధారం దొరకలేదని 2015లో ఒక అధ్యయనం వచ్చింది. కాని దాన్ని మన ఊళ్ళలో ఆయుధంగా వాడకండి. అక్కడి రోడ్డు వేరు, మన కాలువ గట్టు వేరు. తీర్మానానికి ముందు ఆ దారుల్లో రాత్రి నడిచే ఆడవాళ్ళను పిలిచి, వాళ్ళు చెప్పిన స్తంభాల జాబితాను “తగ్గించకూడనివి” అని చిట్టాలో చేర్చండి.

తీరం ఊళ్ళకు ప్రత్యేకంగా

మన తీరంలో, ముఖ్యంగా కోరింగ మడ అడవుల అంచున ఉన్న ఇసుక దిబ్బల మీద ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పిల్లలు రాత్రిపూట పొదిగి బయటకు వచ్చి, వెలుతురు ఎక్కువగా ఉన్న వైపు నడుస్తాయి. చీకటి తీరంలో అది సముద్రం వైపు. తీరాన ఫ్లడ్‌లైటు ఉంటే అవి ఊరి వైపు తిరిగి చచ్చిపోతాయి. జనవరి నుంచి మే వరకు సముద్రం వైపు చూసే దీపాలను ఆర్పడం, లేదా ఎర్ర ఛాయకు మార్చడం తాబేళ్ళకూ చుక్కలకూ మేలు. కోరింగలో రాత్రి తిరిగే బావురుపిల్లికి కూడా చీకటే కావాలి. రిసార్టులు, రొయ్య పిల్లల హేచరీలు ఉన్న చోట అటవీ శాఖ వారిని వెంటబెట్టుకొని మాట్లాడటం మంచిది.

అంతర్వేది దీపస్తంభం, జాలర్ల పడవల దీపాలు మన చిట్టాలో ఉండకూడదు. అవి ప్రాణాలు కాపాడేవి. సహజవాయువు కేంద్రాల దగ్గర ఎగిసే మంటలు కూడా గ్రామసభ పరిధికి మించినవి, భద్రత కోసం పెట్టినవి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి బద్దలై రెండు నెలలకు పైగా మండినప్పటి రాత్రులను కోనసీమ పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఆ మంటలు ఏ దిక్కున, ఎంత వెలుగుతో కనిపిస్తున్నాయో మీ కొలతల పుస్తకంలో రాస్తే చాలు.

ఎనిమిదో అడుగు: ఊరందరికీ ఆకాశం చూపించడం

పైవన్నీ చేసి ఆకాశం చూపించకపోతే ఏడాదిలో అందరూ మరచిపోతారు. దీనికి శివరాత్రిని మించిన రాత్రి లేదు. మాఘ బహుళ చతుర్దశి, చంద్రుడు ఉండడు, ఊరంతా జాగరణలో ఉంటుంది. పంచారామాల్లో నాలుగు, ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు, పాత ఉభయగోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి. జనం ఎలాగూ మేలుకొని ఉంటారు, వాళ్ళను దీపాల నుంచి నాలుగు వందల గజాల దూరం నడిపిస్తే చాలు.

ఆ రాత్రి వరుస ఇలా ఉంటుంది. ఏడున్నర, ఎనిమిదికి నడినెత్తి దగ్గర గొల్లకావడి, దాని పైన మృగశిర. ఎర్రగా మెరిసే ఆర్ద్ర మృగశిర కాదు సుమా, ఆర్ద్ర ఉండేది మృగశిరకు పక్కన, వేటగాడి భుజం దగ్గర. చాలామంది ఇక్కడ పొరబడతారు కాబట్టి ముందే పటం చూసుకోండి. ఎనిమిదిన్నర దాటితే దక్షిణాన అగస్త్యుడు. తొమ్మిది, పది మధ్య పుష్యమి మబ్బు తునక. బైనాక్యులర్ ఉంటే 10×50 రకం సరిపోతుంది, ఆ మబ్బు చుక్కలుగా విడిపోవడం చూసి పిల్లలు వదలరు. అర్ధరాత్రి దాటాక చిత్త, స్వాతి. రెండు, మూడు గంటల మధ్య దక్షిణాన సముద్రం మీద త్రిశంకు. నాలుగు దాటాక ఆగ్నేయం వైపు జ్యేష్ఠ, మూల, వాటి వెనక పాలపుంత నడిబొడ్డు.

టార్చిలకు ఎర్ర జెలటిన్ కాగితం రెండు పొరలు చుట్టండి. దోమల మందు, చాపలు, మంచుకు తలగుడ్డ అవసరం. సముద్రతీరమైతే పోటు వేళలు ముందే తెలుసుకొని ఇసుక దిబ్బ పైభాగంలోనే కూర్చోబెట్టండి. అభయారణ్యం పరిధిలోకి రాత్రిపూట అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్ళవద్దు.

మొదట అరగంట మీ ఊరి నడివీధిలో చూపించి, తరువాత చీకటి చోటికి తీసుకెళ్ళండి. రెండు చోట్లా పిల్లలకోడిని లెక్కపెట్టించండి. తేడా వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పాలి. హైమాస్ట్ ఉన్న ఊరైతే పంచాయతీ ఒప్పుకుంటే ఆ రాత్రి పది నిమిషాలు దాన్ని ఆర్పించి, ఆర్పిన క్షణంలో ఆకాశం వైపు చూడమనండి.

తొమ్మిదో అడుగు: మళ్ళీ కొలవడం, నిలబెట్టడం

మరుసటి ఫిబ్రవరిలో అవే మూడు చోట్ల, అదే వేళ, అవే నాలుగు నక్షత్రాలు. ఫలితం కొద్దిగా మెరుగుపడినా గ్రామసభలో చదివి వినిపించండి. మెరుగుపడకపోతే చిట్టా తీసి ఏ దిక్కున వెలుగు పెరిగిందో చూడండి. తరచూ అది పక్క ఊరి కొత్త హైమాస్ట్ అయి ఉంటుంది. అప్పుడు ఈ పుస్తకం పట్టుకొని పక్క ఊరికి వెళ్ళాలి.

పని నిలవాలంటే కొలతల పుస్తకం ఒకరి ఇంట్లో ఉండకూడదు. అసలు పుస్తకం హైస్కూలు సైన్సు గదిలో, నకలు పంచాయతీ కార్యాలయంలో ఉండాలి. దీపాలు కొనే టెండరు కాగితంలో కెల్విన్ అంకె రాయించడం కార్యదర్శి మారిన ప్రతిసారీ గుర్తు చేయాలి, ఎందుకంటే తీర్మానం ఉన్నా దుకాణంలో ముందు చేతికి దొరికేది 6500 దీపమే. తుపాను వచ్చి స్తంభాలు కూలిన తరువాత హడావుడిగా బిగించే దీపాలు దాదాపు ఎప్పుడూ పైకి లేచే ఉంటాయి. కరెంటు తిరిగి వచ్చిన వారంలోగా మళ్ళీ ఒక రాత్రి ఊరంతా నడిచి చిట్టా సరిచూసుకోండి.